మంచం దాకా రాని నవల

*కాళ్లూ చేతులూ చచ్చుబడి ఆస్పత్రి మంచం మీద పడుకున్న పదహారేళ్ల పిల్లల గురించి మనం మాట్లాడేది పింఛను సంగతే. వాళ్లకొక కథ కావాలన్న మాట ఎవరూ ఎత్తరు.*

ఏప్రిల్ నెల. ఎండ కాస్త వాలింది. పరీక్షలు అయిపోయిన నలుగురు కుర్రాళ్లు కాలువ వంతెన పిట్టగోడ ఎక్కారు. ఒడ్డున ఉన్నవాడు ఫోనుతో వీడియో తీస్తున్నాడు. మొదటివాడు కాళ్లు ముందుపెట్టి దూకాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు చేతులు చాచి తలకిందులుగా దూకాడు. నీళ్లు చిమ్మాయి, కేకలు లేచాయి. వాడు బోర్లా తేలాడు. చేతులు ఆడటం లేదు. వేళాకోళమనుకుని కాసేపు నవ్వారు. తర్వాత భయమేసి ఇద్దరు నీళ్లలోకి దిగారు. ఒకడు చంకల కింద చేతులు వేసి, ఇంకొకడు కాళ్లు పట్టుకుని ఒడ్డుకు లాగి ఆటోలో వేశారు. దారిలో తల అటూ ఇటూ వాలిపోతుంటే ఒకడు ఒళ్లో పెట్టుకున్నాడు. ‘‘నా కాళ్లు ఎక్కడున్నాయిరా?’’ అని అడిగాడు వాడు.

ఫలానా ఇంటి పిల్లవాడి కథగా దీన్ని చెప్పడం లేదు. కాలువలూ చెరువులూ ఉన్న ఊళ్లలో వేసవి సెలవుల్లో ఈ ప్రమాదం దాదాపు ఇదే వరసలో జరుగుతుంది. దూకినవాడి వయసూ ఇంచుమించు ఇదే. చుట్టూ ఉన్నవాళ్లు చేసే పొరపాటు కూడా ఇదే.

కాలువ కట్టేసిన నెలల్లో

ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ ఊళ్లోంచే డెల్టాకు పోతాయి. ఇక్కడి పిల్లలకు ఈత నేర్పింది ఈ కాలువలే. ఖరీఫ్‌కు నీళ్లు వదిలాక నిండుగా పారే కాలువే వేసవిలో కట్టేసినప్పుడు మోకాటి లోతుకు దిగిపోతుంది. తాగునీటి కోసం మధ్యలో వదిలిన నీళ్లు బురద రంగులో ఉంటాయి కాబట్టి పైనుంచి చూస్తే లోతు తెలియదు. నిరుడు వర్షాకాలంలో దూకిన చోటే కదా అని మళ్లీ దూకుతారు.

మెడలో ఏడు పూసలుంటాయి. తల నేలను గుద్దుకున్నప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఐదో, ఆరో పూస దగ్గర. అక్కడ వెన్నుపాము నలిగితే కాళ్లు పూర్తిగా పోతాయి. భుజం లేస్తుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది. వేళ్లు మాత్రం ఆడవు. గ్లాసు పట్టుకోలేవు, పుస్తకంలో పేజీ తిప్పలేవు. దెబ్బ ఇంకాస్త పైన తగిలితే ఊపిరికే ముప్పు. ఛాతీ వెనకాలో, నడుము దగ్గరో తగిలితే చేతులు మిగులుతాయి, నడుము కింద స్పర్శ పోతుంది.

కాలువ ఒక్కటే కారణమూ కాదు. హైవే మీద బైకు జారినా, తాటిచెట్టు మీదినుంచి పడినా, మేడ మీద గాలిపటం ఎగరేస్తూ వెనక్కి అడుగేసినా జరిగేది ఇదే. దెబ్బే తగలకుండా వచ్చేదీ ఉంది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో కేసులు వచ్చినప్పుడు పత్రికలన్నీ రాసిన గులియన్ బారీ సిండ్రోమ్ పాదాల దగ్గర తిమ్మిరితో మొదలై రోజుల్లో పైకి పాకుతుంది. అందులో ఎక్కువమంది నెలల మీద కోలుకుంటారు. వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకు ఆ మాట చెప్పడానికి వీల్లేదు. పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు లేచి వెళ్తారు, ఒకరు ఉండిపోతారు.

■ మెడకు దెబ్బ అనిపిస్తే
*చంకలూ కాళ్లూ పట్టుకుని మోయకూడదు. కూర్చోబెట్టకూడదు. నీళ్లు తాగించడానికి తల ఎత్తకూడదు. నీళ్లలో ఉంటే వెల్లకిలా తిప్పి, ముఖం పైకి ఉండేలా, తలా మెడా వీపూ ఒకే వరసలో ఉంచి పట్టుకోవాలి. ఒకరు తలను రెండువైపులా కదలకుండా పట్టుకోవాలి. గట్టి చెక్క మీద పడుకోబెట్టి తరలించాలి. 108 వచ్చేదాకా ఆగడం ఆటోలో మడిచి తీసుకెళ్లడం కంటే మేలు. ఊపిరి ఆగితే మాత్రం ముందు ఊపిరే చూడాలి.*

రెండు గంటలకోసారి

మొదటి వారం ఇంటినిండా జనం ఉన్నట్టే వార్డులోనూ ఉంటారు. బాబాయిలు, మేనమామలు, తోటి పిల్లలు, ట్యూషన్ మాస్టారు. బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు. ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు తండ్రిని బయటికి పిలిచి మాట్లాడతారు. తండ్రి లోపలికొచ్చి ‘‘మూడు నెలల్లో లేస్తావంట నాన్నా’’ అంటాడు. ఆయన అబద్ధమాడుతున్నాడని పిల్లవాడికి తెలుసు. తెలిసినట్టు తండ్రికి తెలియనివ్వడు.

రెండో నెలకు మంచం దగ్గర మిగిలేది అమ్మ ఒక్కతే. మంచం కింద చాప, స్టీలు క్యారేజీ, తాళం వేసిన చిన్న సంచి. స్పర్శ లేని ఒంటిని ఒకే వైపు ఉంచితే చర్మం కమిలి పుండు పడుతుంది. నడుము కింద పుండు పడ్డా పిల్లవాడికి నొప్పి తెలియదు. అందుకే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రయినా పగలయినా. ఆమె ఫోనులో అలారం పెట్టుకుంటుంది. కొన్నాళ్లకు అలారం అక్కర్లేకుండానే లేస్తుంది. మూత్రానికి గొట్టం, బ్యాగు. అది ఎప్పుడు ఒంపాలో, ఎలా శుభ్రం చేయాలో, జ్వరం వస్తే దేన్ని అనుమానించాలో సిస్టర్లు నేర్పుతారు. పదహారేళ్ల కొడుకు ఒళ్లు మళ్లీ అమ్మ చేతుల్లోకి వచ్చింది. ఆ వయసులో అది ఎంత కష్టమో, పదహారేళ్ల కూతురి విషయంలో తండ్రి ఎంత నలిగిపోతాడో వార్డులో నాలుగు రోజులు కూర్చున్నవాళ్లకు అర్థమవుతుంది.

ఇక మిగిలిన గంటలు. సీలింగు, ఫ్యాను. గోడ మీద బల్లి. ఫోను ఎవరైనా పట్టుకుంటేనే కనిపిస్తుంది. రీల్స్‌లో అందరూ నాట్యం చేస్తుంటారు, బైకులు నడుపుతుంటారు. ఫ్రెండ్స్ గ్రూపులో మెసేజీలు తగ్గుతాయి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియదు. ఎవరూ నేర్పలేదు.

ఈ గంటల్లో ఆ పిల్లవాడికి ఒక పుస్తకం కావాలి. తనలాంటివాడు ఉన్న పుస్తకం.

పక్క వీధిలోనే పుస్తకాలు

విజయవాడ తెలిసినవాళ్లకు సూర్యారావుపేట ఎక్కడుందో చెప్పక్కర్లేదు. వీధి వీధంతా డాక్టర్ల బోర్డులు, మెడికల్ షాపులు, స్కానింగ్ సెంటర్లు. అక్కడినుంచి గవర్నరుపేట, ఏలూరు రోడ్డు నడిచి వెళ్లగలిగినంత దూరం. తెలుగు పుస్తకాల వ్యాపారానికి దశాబ్దాలుగా రాజధాని ఆ రోడ్లే. విశాలాంధ్ర, నవోదయ లాంటి పేర్లు తెలుగు చదవరులందరికీ అక్కడి నుంచే పరిచయం. ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం జరిగేదీ ఈ ఊళ్లోనే. పిల్లలు చదవడం మానేశారని ప్రతి ఏడూ అదే వేదిక మీద పెద్దలు బాధపడతారు.

రెండు వీధులూ ఇంత దగ్గరగా ఉండి కూడా ఒకదానికొకటి తెలియవు. ఆస్పత్రి అరుగు మీద భక్తి పుస్తకాలు దొరుకుతాయి, వారపత్రికలు దొరుకుతాయి. పదిహేనేళ్ల వాళ్ల కోసం, వాళ్ల భాషలో రాసిన నవల ఆ మంచం దాకా రాదు. చందమామ వయసు దాటి, పెద్దల నవలల వయసుకు రాని పిల్లలకు మన షాపుల్లో ప్రత్యేకంగా ఒక అర కనిపించడమే అరుదు. పోటీ పరీక్షల పుస్తకాలకు మాత్రం గోడలన్నీ ఇచ్చేశాం.

అయితే, ఒకప్పుడు అలాంటి నవల ఒకటి ఈ ఊరి షాపుల్లోంచే తెలుగునేలంతా తిరిగింది.

మాస్కో నుంచి వచ్చినవాడు

‘కాకలు తీరిన యోధుడు’. రాసింది నికొలాయ్ ఆస్త్రోవ్‌స్కీ. రష్యన్‌లో 1930ల మొదట్లో ఒక యువజన పత్రికలో సీరియల్‌గా వచ్చింది. సోవియట్ పుస్తకాలు చవగ్గా, గట్టి అట్టలతో విశాలాంధ్ర దుకాణాల్లోకి, ఊరూరా తిరిగిన పుస్తకాల వ్యానులోకి వచ్చిన రోజుల్లో మన తాతలూ తండ్రులూ చదివిన నవల. కమ్యూనిస్టు ఇళ్లలోనే కాదు, చదువు మీద ఆసక్తి ఉన్న చాలా ఇళ్లలో అటక మీద ఇప్పటికీ ఒక ప్రతి ఉంటుంది.

దాన్ని విప్లవ నవలగానే అందరూ గుర్తుపెట్టుకున్నారు. నేను మాత్రం ఆస్పత్రి నవలగా చదవమంటాను. పావెల్ కొర్చాగిన్ అనే కుర్రాడు అంతర్యుద్ధంలో తలకు దెబ్బ తగిలి 1920లో సైనిక ఆస్పత్రిలో పడతాడు. ఆ భాగాన్ని రచయిత ఒక యువ డాక్టరమ్మ డైరీగా రాశాడు. ఇంత చిన్నవాడు కట్లు మార్చేటప్పుడు మూలగడేమిటని ఆమె ఆశ్చర్యపోతుంది, అడుగుతుంది. ‘గాడ్‌ఫ్లై’ నవల చదివితే తెలుస్తుందని అతని జవాబు. యెతెల్ వోయ్‌నిచ్ 1897లో రాసిన నవల అది. మంచం మీద ఉన్న కుర్రాడికి ధైర్యం ఒక నవల ఇచ్చింది. అతని కథ మళ్లీ నవలై వేరే మంచాల దగ్గరకు వెళ్లింది.

పావెల్ కుడికన్ను పోతుంది. తర్వాతి ఏళ్లలో వెన్ను దెబ్బ బయటపడుతుంది, ఒక్కొక్క అవయవమే చచ్చుబడిపోతుంది. చచ్చిపోవాలనుకుంటాడు, ఆ ఆలోచనను వదిలేస్తాడు. రెండో కన్నూ పోతుంది. అప్పుడు రాయడం మొదలుపెడతాడు. ఇందులో చాలా భాగం ఆస్త్రోవ్‌స్కీ సొంత జీవితమే. 1904లో పుట్టినవాడు, ఇరవైల్లోనే మంచం పట్టాడు, చూపు పోయింది. అట్టకు వరసగా చీలికలు కోయించుకుని, వాటి మధ్య పెన్సిల్ నడిపి, ఒక పంక్తి మీద మరో పంక్తి పడకుండా రాశాడు. చెయ్యి కూడా మొరాయించాక ఇంట్లోవాళ్లకూ ఇరుగుపొరుగుకూ చెప్పి రాయించాడు. అంతకుముందు రాసిన ఒక రాతప్రతి పోస్టులో పోయింది. అయినా మళ్లీ రాశాడు. 1936 డిసెంబరులో, 32 ఏళ్లకు చనిపోయాడు.

నవల చివర్లో పావెల్ లేచి నడవడు, చూపూ రాదు. అతని పుస్తకాన్ని అచ్చువేస్తామని తంతి వస్తుంది, అంతే. వైద్యం చేయలేనిదాన్ని కథతో నయం చేసేయకుండా, జీవితం మాత్రం ముందుకు సాగిందని చూపడానికి రచయితకు గుండె నిబ్బరం కావాలి. నవలలో నాకు నచ్చనిదీ ఉంది. పావెల్ ఏడవడు, మూలగడు, ఎవరి మీదా ఆనడు. వాడి ఇనుప గుండె చూసి ధైర్యం తెచ్చుకునే పిల్లలున్నట్టే, ‘నేను అలా లేనే’ అని ఇంకా కుంగేవాళ్లూ ఉంటారు. రాత్రి రెండింటికి దుప్పటి కొరుక్కుంటూ ఏడ్చే పిల్లవాడికి కూడా ఒక నవలలో చోటుండాలి.

చివరి పేజీలో లేచి నడిచే పిల్లలు

ఇంగ్లీషు మీడియం పిల్లలకు లైబ్రరీలో దొరికే పాత నవలల సంగతి చూడండి. సుసాన్ కూలిడ్జ్ ‘వాట్ కేటీ డిడ్’ (1872)లో ఉయ్యాల మీదినుంచి పడి వెన్ను దెబ్బతిన్న కేటీ నాలుగేళ్లు మంచం మీద ఉండి, ఓర్పు నేర్చుకుని, చివరికి నడుస్తుంది. ‘హైదీ’లో చక్రాల కుర్చీ క్లారా ఆల్ప్స్ కొండల మీద నడుస్తుంది. ‘ద సీక్రెట్ గార్డెన్’ (1911)లో కాలిన్ తోటలో నడుస్తాడు. ‘పాలియానా’ (1913) కారు గుద్ది కాళ్లు పోయినా చివర్లో నడుస్తుంది. బుద్ధి మారితే కాళ్లు వస్తాయి. అంటే కాళ్లు రానివాడికి బుద్ధి మారలేదన్నమాట! మంచం మీదున్న పిల్లలకు ఇంతకంటే క్రూరమైన కథ లేదు. ఆ రచయిత్రులు ప్రేమతోనే రాశారు, ఆ కథల్లో గొప్ప పేజీలున్నాయి. కానీ చదివే పిల్లవాడు ఎవరన్నది వాళ్లు ఆలోచించలేదు.

మన సినిమా కూడా ఇదే పాఠం చెప్పింది. పతాక సన్నివేశంలో దేవుడి ముందో, విలన్ ముందో కాలి బొటనవేలు కదిలిన దృశ్యాలు మనం చూస్తూ పెరిగాం. దానికి ఎదురు నిలిచినవి లేకపోలేదు. 1985లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’ ఒకటి. టీనేజీలో బస్సు ప్రమాదంలో గాయపడి, తర్వాత కాలు తీసేయాల్సి వచ్చిన సుధా చంద్రన్ తన పాత్రను తానే వేసింది. కాలు మళ్లీ మొలవలేదు. జైపూర్ కాలితో నాట్యం చేసింది. 2016లో వచ్చిన ‘ఊపిరి’లో నాగార్జున పాత్ర మొదటి నుంచి చివరి దాకా చక్రాల కుర్చీలోనే ఉంటుంది, ప్రేమిస్తుంది, నవ్వుతుంది. అతను కోటీశ్వరుడు, చూసుకోవడానికి మనిషిని పెట్టుకోగలడు. గుడివాడ పక్క పల్లెలో కౌలు రైతు కూతురికి ఆ వీలు లేదు. ఆమె కథ వేరుగా చెప్పాలి.

తర్వాతి కాలపు ఆంగ్ల నవలలు మారాయి. సింథియా వోయ్ట్ 1986లో రాసిన ‘ఇజ్జీ, విల్లీ నిల్లీ’లో కాలు కోల్పోయిన పదిహేనేళ్ల అమ్మాయికి ఆస్పత్రిలోనే పాత స్నేహితులు దూరమై, కొత్త స్నేహితురాలు దొరుకుతుంది. చెన్నైలో పెరిగిన పద్మా వెంకట్రామన్ ‘ఎ టైమ్ టు డాన్స్’ (2014) కాలు పోయిన చెన్నై నాట్యకారిణి కథ. తెలుగులో పిల్లలకు అందుబాటులో ఉన్న ‘రైలుబడి’లో కూడా ఒక చిన్న ముత్యం ఉంది. పోలియో వచ్చిన స్నేహితుణ్ని తొత్తోచాన్ నిచ్చెన వేసి చెట్టెక్కిస్తుంది. వాడి పోలియో నయం కాదు. చెట్టు ఎక్కుతాడు.

■ ఆస్పత్రి తోటలో మొదలైన ఆట
*రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము తెగినవాళ్లు పుండ్లతో, మూత్రపు ఇన్ఫెక్షన్లతో త్వరగానే చనిపోయేవారు. జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన యూదు డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వీరికోసం విభాగం తెరిచారు. తరచూ పక్కకు తిప్పడం, శుభ్రత, పని, ఆట - ఆయన వైద్యం ఇదే. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఆస్పత్రి ఆవరణలో 16 మంది మాజీ సైనికులతో విలువిద్య పోటీ పెట్టారు. 1960 రోమ్ క్రీడలతో అది పారాలింపిక్స్ అయింది.*

పింఛనూ పదో తరగతీ

ఇప్పుడు ఊళ్లో నడుస్తున్న మాట పింఛను గురించి. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతోనో ప్రమాదంతోనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. అంతకుముందు ఈ రెండో వర్గానికి 5,000 ఉండేది. ఇది పెద్ద మార్పు. డైపర్లు, గొట్టాలు, మందులు, ఫిజియోథెరపీకి ఆటో ఖర్చులు - నెలకు ఎంతవుతుందో ఆ ఇళ్లలో అడిగితే ఈ డబ్బు విలువ తెలుస్తుంది. 2025లో ధ్రువపత్రాల పునఃపరిశీలన మొదలై నోటీసులు వచ్చాక, అర్హులు కూడా ఎన్ని నిద్రలేని రాత్రులు గడిపారో తెలుస్తుంది.

అయితే పదహారేళ్ల మనిషి ఊరి మాటల్లో ‘పదిహేను వేల పింఛను’గా మారిపోవడం మంచిది కాదు. ‘‘వదినా, మీవాడికి పింఛను వస్తోందటగా, ఇంకేం’’ అనే పరామర్శ ఆ పిల్లవాడి చెవిన పడుతుంది. ‘‘ఏ గ్రూపు తీసుకున్నావురా?’’ అని వాడిని అడిగేవాళ్లు లేరు.

చట్టం అడగమనే చెబుతోంది. నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ఇంటికొచ్చి చెప్పే టీచర్లున్నారు. ఆ టీచర్లలో కొందరు బండి మీద ఎండలో వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని ఒక్క పిల్లవాడికి పాఠం చెప్పి వెళ్తారు. వాళ్ల గురించి ఏ పత్రికా ముఖచిత్ర కథనం రాయలేదు. ఇబ్బంది చాలాసార్లు ఇంట్లోనే మొదలవుతుంది. ‘‘వీడికిప్పుడు చదువెందుకు, ప్రాణం ఉంటే చాలు’’ అని బడి నుంచి పేరు తీయిస్తారు. రెండో అంతస్తులో క్లాసు, ర్యాంపు లేదు, బాత్‌రూమ్ తలుపు వీల్‌ఛైర్ కంటే సన్నం. పేరు తీయించడానికి ఇన్ని కారణాలు దొరుకుతాయి.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ చదవనివ్వబోమంటే కోర్టుకెళ్లి చదివాడు. అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు, తిరిగొచ్చి కంపెనీ పెట్టాడు. 2024లో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి చప్పట్లు కొట్టిన మనమే మన వీధి బడికి ర్యాంపు అడగలేదు.

■ ఇవి అడిగి తీసుకోండి
*2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. రాయలేనివారికి పరీక్షల్లో రాతసహాయకుడు, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం. చూపు లేనివారికే కాదు, చేతుల్లో శక్తి లేక పుస్తకం పట్టుకోలేనివారికీ ఆడియో, డిజిటల్ ప్రతులు తయారుచేసి ఇవ్వడానికి మన కాపీరైటు చట్టం 2012 నుంచి అనుమతిస్తోంది. ఇదే విషయమై కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొదట ధ్రువీకరించిన దేశం మనదే.*

వేలూరు దారి

ఆపరేషన్ తర్వాత ‘వేలూరు తీసుకెళ్లండి’ అనే మాట కోస్తా జిల్లాల ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పునరావాస కేంద్రం కథే ఒక నవల. 1954లో ఆ ఆస్పత్రిలో పనిచేస్తున్న యువ డాక్టరు మేరీ వర్గీస్ తోటివాళ్లతో విహారానికి వెళ్తుంటే వ్యాను బోల్తాపడింది. నడుము కింద చచ్చుబడింది. వైద్యం మానేయాల్సిందేనని అందరూ అనుకునే స్థితి. చేతులున్నాయి కదా అని సర్జన్ పాల్ బ్రాండ్ దగ్గర పని నేర్చుకుని, తాను చక్రాల కుర్చీలో కూర్చునే, కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్లకు ఆపరేషన్లు చేసింది. విదేశాల్లో పునరావాస వైద్యం చదివి వచ్చాక 1966లో వేలూరు దగ్గర బాగాయంలో కేంద్రం మొదలైంది. 1972లో పద్మశ్రీ. అక్కడ పిల్లలకు నేర్పేవి మంచం మీదినుంచి కుర్చీలోకి జరగడం, తన గొట్టం తాను వేసుకోవడం, చేతికి కట్టిన పట్టీలో చెంచా పెట్టుకుని తినడం. పాత రోగులు కలుసుకునే మేళా కూడా జరుపుతారు. ఇరవయ్యేళ్ల క్రితం మెడ విరిగినవాడు భార్యాబిడ్డలతో కుర్చీలో వచ్చి, నిన్న చేరినవాడి మంచం పక్కన ఆగితే, అది ఏ కౌన్సెలింగూ చేయలేని పని.

1998లో పద్దెనిమిదేళ్ల వయసులో పుదుచ్చేరి తీరంలో మెడకు దెబ్బతగిలి చచ్చుబడిన క్రికెటర్ ప్రీతి శ్రీనివాసన్ తమిళనాడు అండర్-19 జట్టుకు కెప్టెన్. మనవాళ్లు గిరి ప్రదక్షిణకు వెళ్లే తిరువణ్ణామలైలోనే ఆమె వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కోసం ‘సోల్‌ఫ్రీ’ నడుపుతోంది. ఇక సిరిసిల్ల రాజేశ్వరి. చేతులు సహకరించని ఆ నేతకారుల బిడ్డ కాలివేళ్ల మధ్య కలం పెట్టుకుని వందల కవితలు రాసింది. సుద్దాల అశోక్‌తేజ పూనుకుని పుస్తకం తెచ్చారు. ఆమె 2022లో వెళ్లిపోయింది. నవలకు కావలసిన మనుషులు మన మధ్యే ఉన్నారు.

ఆ నవలలో ఏముండాలి

అందులో పిల్లవాడు గొప్పవాడు కానక్కర్లేదు. ఎవరికీ స్ఫూర్తి ఇవ్వాల్సిన పని వాడి మీద పెట్టకండి. మేనత్త దేవుడి తీర్థం తెచ్చి కాళ్లకు రాస్తే కోపం రావాలి. అమ్మ మీద అరిచి, ఆమె బయటికెళ్లి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉంటే చూడనట్టు ఉండాలి. పక్క మంచం మీద తాడిచెట్టు మీదినుంచి పడిన యాభై ఏళ్ల గీత కార్మికుడు ఉండాలి. ఇద్దరికీ వయసు తేడా పోయి ‘బాబాయ్’ అని పిలుచుకునే స్నేహం కుదరాలి. ఫిజియో మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు కళ్లు తిరిగి పడిపోవాలి. ఆరోజు కిటికీలోంచి రోడ్డు కనపడాలి. వీడియో తీసిన స్నేహితుడు నెలల తర్వాత వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోవాలి. తనకు ప్రేమ, పెళ్లి ఉంటాయా అనే ప్రశ్న ఎవరినీ అడగలేక వార్డు బాయ్‌ని అడగాలి. బందరు యాస, గుడివాడ యాస వినపడాలి. అప్పు వడ్డీ లెక్క ఉండాలి. నవ్వు ఉండాలి. వార్డుల్లో మనం అనుకునే కంటే ఎక్కువ నవ్వు ఉంటుంది.

ఇవన్నీ తెలిసి రాయాలంటే వెళ్లి కూర్చోవాలి, వినాలి. ఇంకా మేలైనది, ఆ పిల్లల్లో ఒకరు రాయడం. ఆస్త్రోవ్‌స్కీకి చీలికల అట్ట కావలసి వచ్చింది. ఇప్పుడు ఫోను తెలుగులో మాట వింటుంది, అక్షరం వేస్తుంది. పేజీ తిప్పలేని వేళ్లు అడ్డం కావు.

పడవ మీద వచ్చిన గ్రంథాలయం

ఈ డెల్టా పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లడం ఎప్పుడో నేర్చుకుంది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది విజయవాడ రామమోహన గ్రంథాలయంలోనే, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. రేవు రేవుకూ పడవ ఆగేది, జనం వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. మోటారు బండ్లు లేని రోజుల్లో కాలువ మీద సాగిన పని, లిఫ్టులున్న ఆస్పత్రిలో మూడో అంతస్తుకు సాగదా?

డబ్బు లేదనడానికి వీల్లేదు. మనం కట్టే ప్రతి రూపాయి ఇంటిపన్ను మీద ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతున్నాయి. ఆ డబ్బుతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థ గుణదల వైపున్న కొత్త ప్రభుత్వాసుపత్రిలో ఎముకల వార్డుకూ న్యూరోసర్జరీ వార్డుకూ వారానికి రెండుసార్లు ఒక పుస్తకాల బండి తోయించగలదు. చదివి వినిపించడానికి డిగ్రీ కాలేజీల ఎన్ఎస్ఎస్ పిల్లలున్నారు. పుస్తకం పట్టుకునే స్టాండు ఏ వడ్రంగి అయినా చేసిస్తాడు. ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలు తమ దగ్గరున్న పిల్లల నవలలకు ఆడియో చేయించి ఆస్పత్రులకు ఇవ్వవచ్చు. అలా ఇవ్వడానికి చట్టమే దారి చూపింది.

జిల్లా గ్రంథాలయ సంస్థకూ, ఆస్పత్రి సూపరింటెండెంటుకూ, జనవరి పుస్తక మహోత్సవం నిర్వాహకులకూ ఈ విన్నపం. వచ్చే వేసవికి ముందే ఆ బండి మొదలుపెట్టండి. రచయితలకు ఇంకొకటి. ఒక నెలపాటు రోజూ ఒక పూట ఆ వార్డులో కూర్చుని వచ్చి, నవల రాయండి. రాసినదాన్ని అచ్చుకిచ్చే ముందు అక్కడి పిల్లలకు చదివి వినిపించి, వాళ్లు తప్పన్న చోట దిద్దండి.